ఎల్మ్ మహావృక్షాలు: గుర్తింపు, తెగులు, సురక్షిత తొలగింపు - ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
ఐరోపా, ఉత్తర అమెరికా ఖండాల పట్టణ వీధులకు ఒకప్పుడు నీడనిచ్చిన ఎల్మ్ వృక్షాలు ఇరవయ్యో శతాబ్దంలో ఒక శిలీంధ్రవ్యాధి వల్ల కోట్ల సంఖ్యలో నశించాయి. మిగిలిన పెద్ద చెట్లలో ఏది ఎల్మ్, ఏది కాదు, ఏ చెట్టును కాపాడవచ్చు, దేనిని తొలగించక తప్పదు అన్న నిర్ణయాలు సరైన గుర్తింపుపై ఆధారపడి ఉంటాయి. ఎల్మ్ జాతుల గుర్తింపు లక్షణాలను, ఎల్మ్ తెగులు వ్యాపించే తీరును, మహావృక్షాన్ని ప్రాణహాని లేకుండా తొలగించే పద్ధతిని వివరించడం ఈ వ్యాస ప్రధానోద్దేశం. ‘ఇండియన్ ఎల్మ్’ అని వ్యవహారంలో ఉన్న నెమలినార చెట్టుకూ అసలు ఎల్మ్‌కూ గల భేదాన్ని కూడా ఈ వ్యాసం చర్చిస్తుంది.

కీలకపదాలు: ఎల్మ్, అల్మస్, నెమలినార, ఎల్మ్ తెగులు, బెరడు పెంకుపురుగు, ముందుగాటు, బందు, వృక్ష తొలగింపు.

1. ఉపోద్ఘాతం

చెట్టును నరకడం గంటల పని. పెంచడం తరాల పని. అందువల్ల ఒక మహావృక్షాన్ని తొలగించాలనే నిర్ణయం తీసుకునేముందు రెండు ప్రశ్నలకు స్పష్టమైన సమాధానం ఉండాలి. మొదటిది: ఆ చెట్టు ఏది? రెండవది: దానిని తొలగించడం నిజంగా అవసరమా? ఎల్మ్ విషయంలో ఈ రెండు ప్రశ్నలూ విడదీయరానివి. తెగులు సోకిన ఎల్మ్‌ను నిలబెట్టి ఉంచితే చుట్టుపక్కల ఎల్మ్‌లన్నీ ప్రమాదంలో పడతాయి. తెగులు లేని ఎల్మ్‌నో, ఎల్మ్‌ను పోలిన మరో చెట్టునో పొరపాటున నరికితే ఆ నష్టం ఒక జీవితకాలంలో పూడేది కాదు. ఇక చెట్టును సరిగా గుర్తించినా, నరికే పద్ధతి తెలియకపోతే మనిషి ప్రాణమే పోవచ్చు.

ఈ విషయం తెలుగువారికి పూర్తిగా దూరమైనది కాదు. అమెరికాలోని టెక్సాస్, న్యూజెర్సీ, ఇల్లినాయి వంటి రాష్ట్రాలలో స్థిరపడిన తెలుగు కుటుంబాల పెరళ్లలోనూ, వారు నడిచే వీధులలోనూ ఎల్మ్‌లు ఉన్నాయి. మరోవైపు ఎల్మ్ కుటుంబానికే చెందిన ఒక వృక్షం తెలుగు నేలపై తరతరాలుగా పెరుగుతోంది.

2. ఎల్మ్: పేరు, కుటుంబం, తెలుగు సందర్భం

2.1 అల్మస్ ప్రజాతి

వృక్షశాస్త్రంలో ఎల్మ్‌ల ప్రజాతి పేరు ‘అల్మస్’. ఈ ప్రజాతి పేరుమీదనే ‘అల్మేసీ’ అనే కుటుంబం ఏర్పడింది. ఇవి ఉత్తరార్ధగోళపు సమశీతోష్ణ ప్రాంతాలలో సహజంగా పెరిగే ఆకురాల్చు వృక్షాలు. ఉత్తర అమెరికాలో అమెరికన్ ఎల్మ్ (అల్మస్ అమెరికానా), జిగట ఎల్మ్ (అల్మస్ రూబ్రా), సీడార్ ఎల్మ్ (అల్మస్ క్రాసిఫోలియా) ప్రధానమైనవి. ఐరోపాలో విచ్ ఎల్మ్ (అల్మస్ గ్లాబ్రా), క్షేత్ర ఎల్మ్ (అల్మస్ మైనర్) విస్తారంగా ఉండేవి. ఆసియా నుంచి సైబీరియన్ ఎల్మ్ (అల్మస్ పుమిలా), చైనీస్ ఎల్మ్ (అల్మస్ పార్విఫోలియా) ఇతర ఖండాలకు వెళ్లాయి. మసాచుసెట్స్ రాష్ట్రం 1941లోనూ, నార్త్ డకోటా 1947లోనూ అమెరికన్ ఎల్మ్‌ను తమ రాష్ట్రవృక్షంగా ప్రకటించుకున్నాయి. ఆ చెట్టుకు అక్కడి ప్రజాజీవితంలో గల స్థానానికి ఇది నిదర్శనం.

భారతదేశంలోనూ నిజమైన ఎల్మ్ ఉంది. పశ్చిమ హిమాలయాలలో పెరిగే అల్మస్ వాలిచియానా ఆ కోవకు చెందినది. పశువుల మేత కోసం దీని కొమ్మలను విపరీతంగా నరకడం వల్ల ఇది అంతరించే ముప్పును ఎదుర్కొంటోంది. ఐరోపాలో తెగులును తట్టుకునే ఎల్మ్ రకాలను రూపొందించడానికి నెదర్లాండ్స్ పరిశోధకులు ఈ హిమాలయ ఎల్మ్‌నే సంకరణంలో వాడుకోవడం గమనార్హం.

2.2 నెమలినార ఎల్మ్ కాదు

ఆంగ్లంలో ‘ఇండియన్ ఎల్మ్’ అని పిలిచే హోలోప్టీలియా ఇంటిగ్రిఫోలియా తెలుగునాట నెమలినార, నాలి, తపసి అనే పేర్లతో పరిచితం. సంస్కృతంలో దీనికి చిరబిల్వమని పేరు. ఇది అల్మేసీ కుటుంబానికి చెందినదే గాని, అల్మస్ ప్రజాతికి చెందినది కాదు. ‘ఇంటిగ్రిఫోలియా’ అంటే కోతలు లేని అంచుగల ఆకులున్నది అని అర్థం. ఎల్మ్ ఆకు అంచు రంపపు పళ్లలా ఉంటే, ముదిరిన నెమలినార ఆకు అంచు నునుపుగా ఉంటుంది. ఆకును నలిపితే వచ్చే దుర్వాసన దీనికి మరో గుర్తు. రెండింటికీ కాయచుట్టూ పలుచని రెక్క ఉంటుంది. ఈ ఒక్క పోలికే ఆంగ్ల వ్యవహారనామానికి దారితీసి ఉండవచ్చు.

అనువాదకులు, నిఘంటుకర్తలు ఇక్కడ జాగ్రత్త వహించాలి. ఆంగ్లగ్రంథంలోని ‘ఎల్మ్’ను ‘నెమలినార’ అని అనువదిస్తే చదువరి కళ్లముందు మరో చెట్టు, మరో నేల, మరో రుతువు నిలుస్తాయి. కల్పనాసాహిత్యంలో అది ఔచిత్యభంగం మాత్రమే. తొలగింపు, తెగులు నివారణ వంటి శాస్త్రవిషయాలలో మాత్రం అది తప్పుడు నిర్ణయానికి దారి తీస్తుంది. కాబట్టి ‘ఎల్మ్’ అనే పదాన్ని అలాగే స్వీకరించడం సముచితం.

3. గుర్తింపు లక్షణాలు

ఒకే లక్షణం ఆధారంగా చెట్టును నిర్ణయించడం శాస్త్రీయం కాదు. ఆకు, పువ్వు, కాయ, బెరడు, ఆకృతి అనే ఐదింటిలో కనీసం మూడు సరిపోలినప్పుడే గుర్తింపు నమ్మదగినదవుతుంది.

3.1 ఆకు

ఎల్మ్ ఆకులో మొదట గమనించవలసినది ఆకు మొదలు. కాడకు ఇరువైపులా ఉన్న పత్రదళం ఒకేచోట ముగియదు. ఒకవైపు కిందికి, మరోవైపు కొంచెం పైకి ఉంటుంది. ఈ అసమానత చాలా ఎల్మ్ జాతులలో స్పష్టంగా కనిపిస్తుంది. రెండవ గుర్తు అంచు. అమెరికన్ ఎల్మ్‌లో పెద్ద పన్నుపై మళ్లీ చిన్న పళ్లు ఉండే ద్విరంపపు అంచు ఉంటుంది. ఆకు పొడవు సుమారు 7 నుంచి 15 సెంటీమీటర్లు. నడిమి ఈనె నుంచి పక్క ఈనెలు సమాంతరంగా అంచు వరకు సాగుతాయి. ఆకులు కొమ్మపై ఎదురెదురుగా గాక, ఒకటి విడిచి ఒకటిగా ఉంటాయి.

సైబీరియన్ ఎల్మ్ ఆకులు చిన్నవి, సుమారు 2 నుంచి 7 సెంటీమీటర్లు. అంచు ఒంటి రంపపు పళ్లతో ఉంటుంది. మొదలు దాదాపు సమానంగా ఉంటుంది. జిగట ఎల్మ్ ఆకు పైభాగం ఉప్పుకాగితంలా గరుకుగా ఉంటుంది. డాలస్, ఆస్టిన్ ప్రాంతాలలో విరివిగా కనిపించే సీడార్ ఎల్మ్ ఆకు చిన్నది, మందమైనది, గరుకైనది.

3.2 పువ్వు, కాయ

అమెరికన్ ఎల్మ్ వసంతారంభంలో ఆకులు రాకముందే పూస్తుంది. పువ్వులు చిన్నవి, పొడవైన కాడలతో గుత్తులుగా వేలాడతాయి. కొన్ని వారాలలోనే కాయలు పండి రాలుతాయి. ప్రతి కాయ మధ్యలో ఒక గింజ, చుట్టూ కాగితం వంటి రెక్క ఉంటాయి. దీనిని రెక్కకాయ అనవచ్చు. అమెరికన్ ఎల్మ్ రెక్కకాయ అంచున సన్నని నూగు, కొసన చిన్న చీలిక కనిపిస్తాయి. సీడార్ ఎల్మ్, చైనీస్ ఎల్మ్ మాత్రం వేసవి చివర లేదా శరదృతువులో పూస్తాయి. అందువల్ల పూచే కాలం కూడా ఒక ముఖ్యమైన గుర్తింపు సాధనం.

3.3 బెరడు

ఆకులు రాలిన శీతకాలంలో బెరడే ఆధారం. ముదిరిన అమెరికన్ ఎల్మ్ బెరడు బూడిదరంగులో, ఒకదానినొకటి కోసుకునే గట్లతో, లోతైన పగుళ్లతో ఉంటుంది. బెరడు ముక్కను అడ్డంగా కోసి చూస్తే తెల్లని, గోధుమరంగు పొరలు ఒకదాని తర్వాత ఒకటి కనిపిస్తాయి. జిగట ఎల్మ్‌లో ఈ తెల్లపొరలు ఉండవు. దాని లోపలి బెరడును నమిలితే జిగురు వస్తుంది. చైనీస్ ఎల్మ్ బెరడు రేకులుగా ఊడి, నారింజ, ఆకుపచ్చ, బూడిద మచ్చలతో చిత్రవర్ణంగా ఉంటుంది.

3.4 ఆకృతి

ఎదిగిన అమెరికన్ ఎల్మ్ కూజా ఆకృతిని పోలి ఉంటుంది. బోదె కొంత ఎత్తులో రెండు మూడు పెద్ద శాఖలుగా చీలి, పైకి విచ్చుకుంటూ పోయి, కొసలు విల్లులా కిందికి వంగుతాయి. వీధికి ఇరువైపులా నాటిన చెట్లు పైన కలిసి పందిరి వేసినట్లు కనిపించడానికి ఇదే కారణం. అయితే ఈ సౌందర్యమే తొలగింపు సమయంలో ప్రమాదహేతువు కూడా. ఆ అంశం ఆరవ విభాగంలో చర్చకు వస్తుంది.

3.5 పోలికతో భ్రమింపజేసే చెట్లు

హ్యాక్‌బెర్రీ (సెల్టిస్) ఆకు మొదలు కూడా అసమానంగానే ఉంటుంది. కాని దాని ఆకు మొదట్లో మూడు ఈనెలు ఒకేచోట బయలుదేరతాయి. బెరడుపై పులిపిర్ల వంటి బొడిపెలు ఉంటాయి. కాయ రెక్కతో గాక చిన్న రేగుపండులా గుండ్రంగా ఉంటుంది. బాస్‌వుడ్ ఆకు మొదలు అసమానమైనా, ఆకు హృదయాకారంలో వెడల్పుగా ఉంటుంది. జెల్కోవా ఎల్మ్ కుటుంబానికే చెందినది. దాని ఆకు అంచున ఒంటి పళ్లు మాత్రమే ఉంటాయి, కాయకు రెక్క ఉండదు.

4. ఎల్మ్ తెగులు: చరిత్ర, పనితీరు, లక్షణాలు

4.1 చరిత్ర

వాయవ్య ఐరోపాలో 1910 ప్రాంతంలో ఎల్మ్‌లు అంతుచిక్కని రీతిలో ఎండిపోవడం మొదలైంది. నెదర్లాండ్స్‌లో జోహన్నా వెస్టర్‌డైక్ ప్రయోగశాలలో పనిచేసిన బేయా ష్వార్జ్ దీనికి ఒక శిలీంధ్రం కారణమని 1922లో వెల్లడించారు. అదే బృందానికి చెందిన క్రిస్టీన్ బ్యూస్మన్ పరిశోధన ఆ నిర్ధారణను బలపరిచింది. ఈ పరిశోధన డచ్చి దేశంలో జరిగినందువల్లనే ‘డచ్ ఎల్మ్ డిసీజ్’ అన్న పేరు స్థిరపడింది. తెగులు అక్కడ పుట్టిందని ఆ పేరుకు అర్థం కాదు. ఒక మేలైన పరిశోధనకు దక్కవలసిన కీర్తి, పేరు కారణంగా నిందగా మారడం ఇందులోని వైచిత్రి.

కలప పలకల తయారీకి ఐరోపా నుంచి దిగుమతి అయిన ఎల్మ్ దుంగలతో ఈ తెగులు అమెరికా చేరింది. 1930లో ఒహాయో రాష్ట్రంలో దీనిని గుర్తించారు. తరువాత అంతకంటే తీవ్రమైన శిలీంధ్రం ఉత్తర అమెరికా నుంచి దుంగల ద్వారానే బ్రిటన్‌కు చేరి, 1960ల చివరి నుంచి విజృంభించింది. బ్రిటన్‌లో 2.5 కోట్లకు పైగా ఎల్మ్‌లు నశించాయి. ఆ తీవ్రమైన శిలీంధ్రాన్ని క్లైవ్ బ్రేజియర్ 1991లో ‘ఒఫియోస్టోమా నోవో-అల్మై’ అనే ప్రత్యేక జాతిగా వర్ణించారు. 1995లో హిమాలయ ఎల్మ్‌లపై ‘ఒఫియోస్టోమా హిమాల్-అల్మై’ అనే మరో జాతిని గుర్తించారు. ఇది తన సొంతగడ్డపై ఎల్మ్‌లకు పెద్ద హాని చేయకుండా వాటితో కలిసి జీవిస్తోంది. ఒకచోట నిరపాయంగా ఉన్న జీవి మరోచోట ప్రళయం కాగలదన్న హెచ్చరిక ఇందులో ఉంది. రెండుసార్లు రెండు ఖండాలకు తెగులును మోసుకుపోయినవి బెరడు తీయని దుంగలేనన్న సంగతి తొలగింపు చర్చలో కీలకం.

4.2 తెగులు పనిచేసే తీరు

తెగులు రెండు దారులలో వ్యాపిస్తుంది. మొదటి వాహకం బెరడు పెంకుపురుగు. ఇది చావుకు దగ్గరైన, లేదా ఇటీవలే చచ్చిన ఎల్మ్ బెరడు కింద సొరంగాలు తొలిచి గుడ్లు పెడుతుంది. ఆ బెరడు కింద శిలీంధ్రం ఉంటే, బయటికి వచ్చే పిల్లపురుగులు దాని బీజాలను ఒంటికి అంటించుకొని ఆరోగ్యమైన ఎల్మ్‌ల లేతకొమ్మలను కొరుకుతాయి. ఆ గాయం ద్వారా శిలీంధ్రం నీరు ప్రవహించే దారువులోకి చేరుతుంది. చెట్టు ఆత్మరక్షణకు తన నాళాలను తానే పూడ్చుకుంటుంది. శిలీంధ్రం, చెట్టు ప్రతిస్పందన రెండూ కలిసి నీటిదారిని మూసివేయగా ఆకులు వాడిపోతాయి.

రెండవ దారి వేర్లు. దగ్గరగా పెరిగిన ఎల్మ్‌ల వేర్లు నేలలో ఒకదానితో ఒకటి అతుక్కుపోతాయి. వీధి వెంట వరుసగా నాటిన చెట్లు ఒకదాని వెంట ఒకటి కూలిపోవడానికి ఈ వేరుబంధమే కారణం.

4.3 లక్షణాలు

వేసవి తొలి దినాలలో పచ్చని చెట్టులో ఒక్క కొమ్మ కొసన ఆకులు పసుపుబారి, ముడుచుకొని, గోధుమరంగుకు తిరగడం తొలి సంకేతం. ఆ కొమ్మ బెరడును చెక్కి చూస్తే లేతదారువుపై గోధుమరంగు చారలు కనిపిస్తాయి. ఈ చారలు బలమైన ఆధారమే గాని తుది నిర్ధారణ కాదు. కొమ్మముక్కను ప్రయోగశాలకు పంపి శిలీంధ్రాన్ని పెంచి చూడటమే నిర్ధారణ.

కొన్ని ఇతర స్థితులు ఈ తెగులును తలపిస్తాయి. ఎల్మ్ ఆకు పెంకుపురుగు ఆకులను జల్లెడ చేస్తుంది. కాని దారువులో చారలుండవు, చెట్టు మళ్లీ చిగురించగలదు. ‘ఎల్మ్ పసుపు తెగులు’లో చెట్టంతా దాదాపు ఒకేసారి పసుపుబారుతుంది; లోపలి బెరడు తేనెరంగుకు తిరిగి, వింటర్‌గ్రీన్ తైలపు వాసన వేస్తుంది. వర్షాభావం వల్ల కూడా ఆకులు అంచుల నుంచి మాడతాయి. వీటిని వేరుచేయకుండా రంపం చేతపట్టడం తగదు.

5. తొలగించాలా? కాపాడాలా?

వాడిన ప్రతి ఎల్మ్‌నూ నరకనక్కరలేదు. పెంకుపురుగు ద్వారా సోకిన తెగులు కొమ్మలలో కొద్దిభాగానికే పరిమితమై, బోదెను చేరకుండా ఉంటే, చారలు కనిపించే చోటికి చాలా దిగువన ఆరోగ్యమైన భాగంలో కొమ్మను కోసి చెట్టును కాపాడే అవకాశం ఉంది. విలువైన చెట్లకు ముందుజాగ్రత్తగా శిలీంధ్రనాశకాన్ని బోదె మొదట్లోకి ఎక్కించే పద్ధతీ ఉంది. దీనిని కొన్నేళ్లకొకసారి మళ్లీ చేయాలి. ప్రతిసారీ చెట్టుకు గాయమూ అవుతుంది. వేర్ల ద్వారా సోకిన తెగులుకు గాని, బోదెను చేరిన తెగులుకు గాని ఈ చికిత్సలు ఫలించవు. అప్పుడు తొలగింపు ఒక్కటే మార్గం.

కోతకు కాలం కూడా ముఖ్యమే. పచ్చిగాయం వాసన పెంకుపురుగులను ఆకర్షిస్తుంది. అందువల్లనే కెనడాలోని మానిటోబా రాష్ట్రం ఏప్రిల్ 1 నుంచి జులై 31 వరకు, అల్బెర్టా రాష్ట్రం ఏప్రిల్ 1 నుంచి సెప్టెంబర్ 30 వరకు ఎల్మ్ కొమ్మల కోతను నిషేధించాయి. ఆరోగ్యమైన ఎల్మ్‌కు చేసే కోతలన్నీ శీతకాలంలోనే జరగాలి. తెగులు సోకి చచ్చిపోతున్న చెట్టు విషయం వేరు. దానిని ఆలస్యం చేయకుండా, ఎట్టి పరిస్థితిలోనూ మరుసటి వసంతంలో పురుగులు ఎగరకముందే తొలగించాలి.

6. సురక్షిత తొలగింపు

6.1 ముందస్తు పరిశీలన

ఎల్మ్ తొలగింపులో ప్రమాదాలు మూడు. ఒకటి, కూజా ఆకృతి వల్ల బరువంతా పైభాగంలో, ఇరువైపులా విస్తరించి ఉంటుంది. రెండు, సమానబలం గల రెండు శాఖలు కలిసేచోట బెరడు లోపలికి మడిచిపోయి, బయటికి గట్టిగా కనిపించినా లోపల అతుకు బలహీనంగా ఉంటుంది. మూడు, చచ్చిన ఎల్మ్ కర్ర తేమ కోల్పోయి పెళుసుబారుతుంది. రంపపు కంపనానికే పైనుంచి ఎండుకొమ్మలు రాలవచ్చు. చచ్చి ఏళ్లు గడిచిన ఎల్మ్ చెట్టును ఎక్కడం అనుభవజ్ఞులు కూడా మానుకోవలసిన పని. అలాంటి చోట మనిషిని పైకెత్తే బకెట్ వాహనం లేదా క్రేన్ అవసరం.

పని ప్రారంభానికి ముందు చెట్టు వాలు, తొర్రలు, మొదట పుట్టగొడుగులు, వేర్ల దగ్గర నేల పగుళ్లు, గాలి దిశ, ఇళ్లు, విద్యుత్ తీగలు పరిశీలించాలి. తీగలకు 3 మీటర్ల లోపు కొమ్మలున్నట్లయితే ఆ పని విద్యుత్ సంస్థకో, ఆ శిక్షణ ఉన్నవారికో వదలాలి. ఎత్తయిన వోల్టేజీ తీగలకు ఈ దూరం ఇంకా పెరుగుతుంది. శిరస్త్రాణం, కళ్లకూ చెవులకూ రక్షణ, రంపపు కోతను ఆపే కాలితొడుగు, గట్టి బూట్లు తప్పనిసరి. నిచ్చెనపై నిలబడి చైన్‌సా వాడటం, భుజం కంటే ఎత్తులో కోయడం, ఒంటరిగా పనిచేయడం ప్రాణాంతకాలు.

6.2 వేరుబంధాన్ని తెంచడం

తెగులు సోకిన చెట్టుకు సమీపంలో ఆరోగ్యమైన ఎల్మ్ ఉంటే, చెట్టును నరకడానికి ముందే రెండింటి నడుమ లోతైన కందకం తవ్వి వేర్లను తెంచాలి. ఈ క్రమం తారుమారైతే ఫలితముండదు. నరికిన చెట్టులో ఆకుల నుంచి నీటిని లాగే శక్తి ఆగిపోతుంది. అప్పుడు వేరుబంధం గుండా పక్కచెట్టు ఈ మొదట్లోని నీటిని, దానితోపాటు శిలీంధ్రాన్ని తనవైపు లాక్కుంటుంది. రోగిని తొలగించిన చర్యే పొరుగువారికి రోగాన్ని అంటిస్తుంది.

6.3 నేలమీద నుంచి పడగొట్టడం

చుట్టూ ఖాళీస్థలం ఉన్నప్పుడే చెట్టును ఒకేసారి పడగొట్టవచ్చు. చెట్టు ఎత్తుకు రెండింతల దూరంలోపల రంపం పట్టినవారు తప్ప మరెవరూ ఉండకూడదు. పడే దిశకు వెనుకవైపు, ఇరుపక్కలా ఏటవాలుగా రెండు తప్పించుకునే దారులు ముందే శుభ్రం చేసుకోవాలి.

కోతలు మూడు. పడవలసిన దిశలో, బోదె వ్యాసంలో నాలుగింట ఒకవంతు లోతు వరకు, ముందుగాటు పెట్టాలి. పైకోత, కిందకోత కలిసి పుచ్చకాయ ముక్క తీసినట్లు ఒక ఖాళీ ఏర్పడుతుంది. ఈ గాటు కోణం 70 డిగ్రీలు లేదా అంతకంటే ఎక్కువ ఉంటే చెట్టు నేలకు చేరువయ్యేవరకు అదుపులో ఉంటుంది. ఆపైన వెనుకవైపు నుంచి వెనుకకోత పెట్టాలి. అయితే వెనుకకోత ముందుగాటును ఎన్నడూ కలవకూడదు. రెండింటి నడుమ బోదె వ్యాసంలో పదోవంతు మందం గల కర్రపట్టీని వదలాలి. తలుపుకు మడతబందు ఎలాగో చెట్టుకు ఈ పట్టీ అలాగ. అందువల్ల దీనిని ‘బందు’ అనవచ్చు. చెట్టు ఎటు పడాలో నిర్ణయించేది బందే. దానిని పూర్తిగా కోసివేస్తే చెట్టు తన ఇష్టం వచ్చిన దిశలో పడుతుంది.

పచ్చి ఎల్మ్‌లో నారలు ఒకదానిలో ఒకటి అల్లుకొని ఉండడం వల్ల బందు గట్టిగా పట్టి నిలుస్తుంది. చచ్చిన ఎల్మ్‌లో అదే బందు వంగకుండా పుటుక్కున విరుగుతుంది. ఒకే జాతి చెట్టు బతికున్నప్పుడు ఒకలా, చచ్చాక మరొకలా ప్రవర్తించడం పనివారు గుర్తుంచుకోవలసిన మొదటి పాఠం. కోతలో రంపం ఇరుక్కోకుండా, చెట్టు వెనక్కి కూర్చోకుండా ప్లాస్టిక్ చీలలు దిగగొట్టాలి. ముందుకు బాగా వాలిన చెట్టులో మామూలు వెనుకకోత పెడితే, కోత పూర్తికాకముందే బోదె నిలువునా చీలి, వెనుకభాగం ఈటెలా పైకి లేచి కోసేవారిని కొట్టవచ్చు. అటువంటి చెట్లకు మధ్యలోకి రంపం పొడిచి బందును ముందే ఏర్పరచి, చివరి పట్టును ఆఖరున విడిపించే పద్ధతి ఉంది. అది శిక్షణ పొందినవారి పని.

6.4 ముక్కలుగా దించడం

ఇళ్ల నడుమ ఉన్న మహావృక్షాన్ని పైనుంచి కిందికి ముక్కలుగా దించాలి. పచ్చి అమెరికన్ ఎల్మ్ కర్ర ఘనమీటరుకు సుమారు 850 కిలోల బరువుంటుంది. ఒక మీటరు వ్యాసం, ఒక మీటరు పొడవు గల దుంగ దాదాపు 670 కిలోలు తూగుతుంది. కోసిన ముక్క కొంతదూరం స్వేచ్ఛగా పడి, ఆ తర్వాత మోకు బిగుసుకుంటే, ఆ క్షణంలో మోకుపై పడే భారం ముక్క బరువుకు ఎన్నో రెట్లు ఉంటుంది. అందువల్ల ముక్కలు చిన్నవిగా ఉండాలి. మోకు కదులుతూ భారాన్ని క్రమంగా స్వీకరించేలా, కింద ఉన్న వ్యక్తి ఘర్షణ సాధనంతో దానిని మెల్లగా వదలాలి. బలహీనమైన శాఖా సంగమానికి మోకు కట్టడం, ఎక్కినవారు ఆధారపడిన కొమ్మకే భారాన్ని వేలాడదీయడం నిషిద్ధం.

6.5 మొద్దు, కలప

చెట్టు నేలకూలడంతో పని ముగియదు. తెగులు దృష్ట్యా అసలు పని అప్పుడే మొదలవుతుంది. బెరడు ఉన్న ప్రతి దుంగా పెంకుపురుగులకు పురిటిల్లే. దుంగల బెరడు తీయాలి, లేదా వాటిని చిన్నపేళ్లుగా చేయాలి, పూడ్చాలి, స్థానిక నిబంధనలు అనుమతిస్తే కాల్చాలి. వంటచెరకుగా పేర్చి ఉంచడం, వేరే ఊరికి తరలించడం కూడదు. మొద్దును నేలమట్టానికి దిగువవరకు యంత్రంతో అరగదీయాలి, కనీసం దాని బెరడునైనా పూర్తిగా తొలగించాలి. బెరడు తీసిన కలపలో పురుగు నివసించలేదు కనుక దానిని వస్తువుల తయారీకి వాడుకోవచ్చు.

7. ఒక ఉదాహరణ: యార్మత్ ‘హెర్బీ’

అమెరికాలోని మెయిన్ రాష్ట్రం, యార్మత్ పట్టణంలో ‘హెర్బీ’ అని పిలుచుకున్న అమెరికన్ ఎల్మ్ సుమారు 33 మీటర్ల ఎత్తు ఉండేది. ఊరి వృక్షసంరక్షకుడు ఫ్రాంక్ నైట్ దానిని అర్ధశతాబ్దం పాటు కాపాడారు. తెగులు సోకిన ప్రతిసారీ ఆ కొమ్మలను తీయించి, చెట్టును నిలబెట్టారు. చివరికి తెగులు అదుపు తప్పడంతో 2010 జనవరి 19న ఆ చెట్టును తొలగించారు. అప్పటికి నైట్ వయసు నూరేళ్లు దాటింది. కోసిన బోదెలోని వలయాలను లెక్కించగా చెట్టు వయసు 217 ఏళ్లని తేలింది. దాని కలపతో వివిధ వస్తువులు తయారయ్యాయి. 2012లో నైట్ మరణించినప్పుడు ఆయన శవపేటికను కూడా ఆ కలపతోనే చేశారు.

ఈ ఉదాహరణలో పై విభాగాల సారాంశమంతా కనిపిస్తుంది. కాపాడగలిగినంతకాలం కొమ్మకోతతో కాపాడటం, కాపాడలేనప్పుడు పురుగు నిద్రించే శీతకాలంలో తొలగించడం, కలపను వృథా చేయకపోవడం అనే మూడూ ఇక్కడ వరుసగా జరిగాయి. నైట్ చివరికి చెట్టును పోగొట్టుకున్నా, ఆ ఊరికి దానిని అర్ధశతాబ్దం అదనంగా దక్కించారు.

8. తెలుగు నేలకు వర్తించే అంశాలు

తెలుగు రాష్ట్రాలలో అల్మస్ జాతి ఎల్మ్‌లు సహజంగా పెరగవు. కాని గుర్తించు, నిర్ధారించు, కాపాడజూడు, తప్పనిసరైతేనే తొలగించు అనే క్రమం ఏ మహావృక్షానికైనా చెల్లుతుంది. మహబూబ్‌నగర్ సమీపంలోని పిల్లలమర్రికి చెదలు పట్టి ఊడలు కూలుతున్నప్పుడు, 2018లో సెలైన్ సీసాల ద్వారా మందు ఎక్కించి చికిత్స చేశారు. చెట్టుకు జబ్బు చేయడం, చెట్టును నరకడం అనే రెండింటి మధ్య వైద్యమనే మెట్టు ఉందని ఆ ఘటన నిరూపించింది.

చట్టపరంగా చూస్తే, 2002 నాటి నీరు, భూమి, వృక్ష పరిరక్షణ చట్టం (వాల్టా) ప్రకారం అనుమతి లేకుండా చెట్లు నరకడం నేరం. విదేశాలలోని తెలుగువారు కూడా తమ పెరటి చెట్టే అయినా, తొలగింపునకు ముందు స్థానిక పురపాలక సంస్థ నిబంధనలు తెలుసుకోవాలి. ముఖ్యంగా టెక్సాస్‌లో సీడార్ ఎల్మ్ స్థానిక వృక్షం; వేసవి ఎండకు కొన్ని ఆకులు మాడినంత మాత్రాన దానిని తెగులు చెట్టుగా భావించరాదు.

పరిభాష విషయానికి వస్తే, చెట్టు నరికే పనికి తెలుగులో పదసంపద లేకపోలేదు. గాటు, బందు, చీల, మోకు, బోదె, మొద్దు అన్నీ వడ్రంగులు, గీతకార్మికులు, రైతులు వాడేవే. భద్రతా సూచనలను ఈ మాటలలో రాస్తే అవి పనిచేసే చేతులకు చేరతాయి.

9. ముగింపు

- అసమానమైన ఆకు మొదలు, రంపపు అంచు, రెక్కకాయ, గట్లుగల బెరడు, కూజా ఆకృతి కలిసి అమెరికన్ ఎల్మ్‌ను నిర్ణయిస్తాయి. ఏ ఒక్క లక్షణమూ ఒంటరిగా చాలదు.
- ‘ఇండియన్ ఎల్మ్’గా వ్యవహరించే నెమలినార అల్మేసీ కుటుంబానికి చెందినదే గాని ఎల్మ్ కాదు. అనువాదాలలో, నిఘంటువులలో ఈ భేదాన్ని పాటించాలి.
- వాడిన కొమ్మ, దారువులోని చారలు తెగులుకు సూచనలు; ప్రయోగశాల పరీక్షే నిర్ధారణ. తొలిదశలో చెట్టును కాపాడే అవకాశం ఉంది.
- తొలగింపు తప్పనిసరైతే వేరుబంధం తెంచడం, చెట్టును దించడం, బెరడును నిర్మూలించడం ఈ వరుసలోనే జరగాలి.
- చచ్చిన ఎల్మ్ పచ్చి ఎల్మ్ కంటే ప్రమాదకరం. విద్యుత్ తీగలు, ఇళ్లు దగ్గరగా ఉన్నచోట ఆ పని శిక్షణ పొందినవారికే అప్పగించాలి.
- రెండు ఖండాల ఎల్మ్‌ల వినాశనానికి బెరడు తీయని దుంగల రవాణా దారి చూపింది. నరికిన చెట్టు కలపను బాధ్యతతో నిర్వహించడం మిగిలిన చెట్ల ప్రాణరక్షణలో భాగమే.